వంశంలో ఉన్నదేది, ఇంట్లో ఉన్నదేది

కర్ణాటకలోని చిక్కబళ్లాపుర జిల్లాలో, శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి తాలూకాల తెలుగు ఇళ్లలో దీర్ఘవ్యాధుల మాట వచ్చినప్పుడు, అంటే ఒకసారి పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలని మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు, ఉబ్బసం వంటి వాటి మాట వచ్చినప్పుడు, ఒకదానితో ఒకటి పొసగని రెండు అభిప్రాయాలు పక్కపక్కనే వినిపిస్తాయి. తాతకూ తండ్రికీ షుగరు ఉన్న మనిషి “మా వంశంలోనే ఉంది, రాక తప్పుతుందా” అని పరీక్ష చేయించుకోవడం మానేస్తే, ముందు తరాల్లో ఎవరికీ లేని మనిషి “మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకెట్లా వస్తుంది” అని అదే పరీక్షను మానేస్తాడు. పైకి ఎదురెదురుగా కనిపించినా ఈ రెండు మాటల వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే: రక్తంలో వచ్చేది తలరాత వంటిదనీ, ఉంటే పూర్తిగా ఉంటుందనీ, లేకపోతే బొత్తిగా ఉండదనీ. జన్యుశాస్త్రం చెప్పేది ఇది కాదు. మరీ విశేషమేమంటే, ఈ సీమ రైతుకు తన పట్టుపురుగుల విషయంలో అసలు సంగతి బాగా తెలుసు. తన ఇంటి మనుషుల విషయంలోనే ఆ ఎరుక అక్కరకు రావడం లేదు.

శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్, రామనగర మార్కెట్‌తో పాటు, ఆసియాలోని పెద్ద గూళ్ల మార్కెట్లలో ఒకటిగా పేరుపడింది. అక్కడికి చేరే గూళ్లలో తెల్లవీ, పసుపు చాయవీ రెండూ కనిపిస్తాయి. తెల్లవి బైవోల్టైన్ రకాలు, అనగా సహజస్థితిలో ఏడాదికి రెండే తరాలు పెరిగే చలిదేశపు జాతుల సంతతి. పసుపువి ఎక్కువగా ప్యూర్ మైసూర్ అనే నాటు జాతికీ, మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన శిక్షణ సంస్థలో రూపొందిన సీఎస్సార్‌-2 అనే తెల్లగూటి జాతికీ పుట్టిన సంకరం. నాటు జాతి ఎండనూ నాసిరకం ఆకునూ ఓర్చుకుంటుంది గాని దాని గూటి నుండి వచ్చే దారం తక్కువ. సీఎస్సార్‌-2 దారం పొడుగూ మెరుగూ గాని పురుగు సుకుమారం. రెండింటి సంకరంలో ఓర్పూ దిగుబడీ కొంత కొంతగా కలిసివస్తాయి. అయినా ఆ సంకరపు గూళ్లను గుడ్ల కోసం దాచుకునే రైతు ఉండడు. ప్రతి పంటకూ కొత్తగా గుడ్ల కేంద్రం నుండి గుడ్లో, పిల్లపురుగులను పెంచి ఇచ్చే చాకీ కేంద్రం నుండి రెండో జ్వరం, అంటే రెండోసారి కుబుసం విడవడం, దాటిన పురుగులో కొనుక్కోవలసిందే. దాచుకున్న గుడ్ల నుండి పుట్టే తరంలో ఒక పురుగు నాటు తాతనూ, ఒకటి తెల్లగూటి తాతనూ పోలి, పంట చెదిరిపోతుందని వారికి అనుభవం నేర్పింది.

ఈ చెదరడం వెనుక ఉన్న సూత్రమే జన్యుశాస్త్రానికి పునాది. గ్రెగర్ మెండెల్ బఠాణీ మొక్కలపై చేసిన ప్రయోగాలను 1866లో ప్రచురించగా, ముప్పై ఏళ్లకు పైగా వాటిని పట్టించుకున్నవారు లేరు. 1900లో అవి తిరిగి వెలుగులోకి వచ్చాక, ఆ సూత్రాలు పట్టుపురుగుకూ వర్తిస్తాయని 1906లో చూపినవాడు జపాన్ శాస్త్రవేత్త తోయామా కమెతారో. దేహలక్షణాలకు సంబంధించిన సమాచారాన్ని మోసే డీఎన్‌ఏ ముక్కకు జన్యువు అని పేరు. ప్రతి ప్రాణిలోనూ దాదాపు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి. ఆ ప్రాణి తన సంతానానికి ఇచ్చేది ఆ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే, అది ఏదన్నది ప్రతిసారీ యాదృచ్ఛికంగా తేలుతుంది. అందువల్ల సంకరపు మొదటి తరం ఒకే తీరుగా ఉండి, రెండో తరం రకరకాలుగా విడిపోతుంది. మనిషిలో సుమారు 20,000 జన్యువులు ఇదే పద్ధతిలో తరం నుండి తరానికి దిగుతాయి. ఒకే తల్లిదండ్రుల బిడ్డలైన అన్నదమ్ములు సగటున సగం జన్యువులనే పంచుకుంటారు. కాబట్టి “అన్నకు వచ్చింది, తమ్ముడికి రాలేదు” అన్నది వింత కాదు, వంశపారంపర్యానికి విరుద్ధమూ కాదు.

పురుగుల షెడ్డు చెప్పే రెండో పాఠం ఇంతకంటే ముఖ్యమైనది. ఒకే గుడ్ల కేంద్రం నుండి, ఒకే రోజున, ఒకే రకం గుడ్లు తెచ్చుకున్న ఇద్దరు ఇరుగుపొరుగు రైతులకు ఒకే పంట రాదు. పిల్లపురుగులకు 27, 28 డిగ్రీల వేడీ, 85 శాతానికి మించిన తేమా కావాలి. పెద్దపురుగులకు 24, 25 డిగ్రీల వేడీ, 70 శాతం తేమా సరిపోతాయి. ఆకు లేతగా ఉండవలసిన దశ వేరు, ముదిరి ఉండవలసిన దశ వేరు. గాలి ఆడని షెడ్డులో, వేసవిలో, తడి ఆకు మేసిన సీఎస్సార్‌ పురుగు, గూడు కట్టుకునే తట్ట అయిన చంద్రికను ఎక్కకుండానే చనిపోతుంటే, అదే షెడ్డులో అదే ఆకు మేసిన నాటు పురుగు గూడు కట్టి బతికిపోతుంది. ఈ నష్టానికి కారణం జాతా, వేసవా అని అడిగితే అనుభవమున్న రైతు ఒక్కదాని పేరు చెప్పడు, ఆ జాతికి ఆ వేసవి కుదరలేదంటాడు. జన్యువులూ పరిసరాలూ విడివిడిగా కూడుకొనే రెండు అంకెలు కావు; ఒకదాని ఫలితం రెండోదాన్ని బట్టి మారుతుంది. మనుషుల దీర్ఘవ్యాధుల గురించి ప్రపంచమంతటి పరిశోధన చేరుకున్నదీ ఈ చోటికే.

మూడో పాఠం ఫ్రాన్స్ నుండి వచ్చింది. 1865లో లూయీ పాశ్చర్‌ను ఆయన గురువు డ్యూమా దక్షిణ ఫ్రాన్స్‌లోని అలేస్ ప్రాంతానికి పంపేనాటికి, పెబ్రిన్ అనే రోగం అక్కడి పట్టు పరిశ్రమను దాదాపు తుడిచిపెట్టింది. పురుగుల ఒంటిపై మిరియపు పొడి చల్లినట్టు నల్లమచ్చలు వచ్చేవి. రోగమున్న తల్లిచిలక పెట్టిన గుడ్ల నుండి రోగమున్న పురుగులే పుట్టేవి. చూసినవారెవరైనా దీనిని వంశపారంపర్య రోగమనే అంటారు. అది తల్లి నుండి బిడ్డకు వస్తున్న మాట నిజమే గాని, వస్తున్నది జన్యువు ద్వారా కాదు. నోసిమా అనే సూక్ష్మజీవి తల్లి కడుపులోనే గుడ్డులోకి చేరుతోంది. ఈ తేడా తెలిశాకే విరుగుడు దొరికింది. గుడ్లు పెట్టిన ప్రతి తల్లిచిలకనూ నూరి మైక్రోస్కోపు కింద చూడడం, సూక్ష్మజీవి కనిపిస్తే ఆ గుడ్లను నాశనం చేయడం, కనిపించకపోతే ఉంచుకోవడం పాశ్చర్ చూపిన పద్ధతి. ఇవాళ శిడ్లఘట్ట రైతు లెక్కపెట్టి కొనే డీఎఫ్ఎల్, అంటే రోగం లేని గుడ్ల కుప్ప, ఆ పరీక్ష దాటి వచ్చిన ఒక్క చిలక పెట్టిన గుడ్లే. తరతరాలుగా కనిపించేదంతా జన్యువుల పని కాదని తేల్చి, దానిని ఆపగలిగిన ఉదాహరణల్లో ఇంతకంటే స్పష్టమైనది వైద్యచరిత్రలోనూ అరుదు.

ఈ మూడు పాఠాలతో మనుషుల వద్దకు వస్తే, ముందుగా వేరు చేయవలసినవి ఒక్క జన్యువు లోపంతో వచ్చే జబ్బులూ, అనేక జన్యువుల చిన్న చిన్న ప్రభావాలు పోగుపడి వచ్చే జబ్బులూ. మొదటి కోవకు చెందిన వాటిలో వంశం మాట బలంగానే నిలుస్తుంది. ఉదాహరణకు వంశపారంపర్య అధిక కొలెస్టరాల్ అనే స్థితి సుమారు 250 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. కాలేయం రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను లోపలికి లాగివేసే యంత్రాంగం ఈ మనుషుల్లో సగమే పనిచేస్తుంది. ఆ యంత్రాంగాన్ని కనుగొన్నందుకు బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలకు 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ లోపమున్న తండ్రి లేక తల్లి బిడ్డల్లో ప్రతి ఒక్కరికీ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఇంత గట్టి వారసత్వమున్న చోట కూడా జబ్బు తప్పనిది కాదు: చిన్న వయసులోనే రక్తపరీక్షతో పసిగట్టి స్టాటిన్ మందులు మొదలుపెడితే నలభైల్లో రావలసిన గుండెపోటును దూరం నెట్టవచ్చు. ఇంట్లో ఒకరికి చిన్న వయసులో గుండెపోటు వచ్చిందంటే మిగిలినవారు కొలెస్టరాల్ పరీక్ష చేయించుకోవాలని వైద్యులు పట్టుబట్టేది అందుకే, “మా వంశంలోనే ఉంది” అన్న వాక్యం పరీక్ష మానడానికి కాక చేయించుకోవడానికి కారణం కావలసింది ఇక్కడే.

రెండో కోవలో ముఖ్యమైనది మధుమేహం, ప్రధానంగా పెద్దవయసులో వచ్చే రెండో రకం మధుమేహం. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, వివిధ దేశాలకు చెందిన 25 లక్షల మందికి పైగా జన్యు సమాచారాన్ని పరిశీలించి, ఈ జబ్బుతో సంబంధమున్న చోట్లు మనిషి జన్యురాశిలో 611 ఉన్నాయని చూపింది. అంటే “షుగరు జన్యువు” అనేది ఒక్కటి లేదు. అందరిలోనూ ఈ 611 చోట్లలో కొన్ని అనుకూలంగానూ, కొన్ని ప్రతికూలంగానూ ఉంటాయి. తేడా అంతా పాళ్లలోనే. వీటిలో బలమైనదిగా 2006లో గుర్తించిన టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువు భారతీయుల్లోనూ అదే పని చేస్తుందని 2007లో చూపినది హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన గిరిరాజ్ చందక్ బృందం. ఆ బలమైన జన్యువు కూడా ఒక్కొక్క ప్రతికి ముప్పును పెంచేది ఇంచుమించు ఒకటిన్నర రెట్లలోపే. ముప్పు అనే మాటను ఇక్కడ జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి: ఒకేలాంటి నూరుమందిలో ఎందరికి జబ్బు రావచ్చో అది చెబుతుంది గాని, ఆ నూరుమందిలో ఫలానావారికి వస్తుందని చెప్పదు. ముప్పు ఎక్కువన్న మాటను తీర్పుగా వినడంతోనే సగం అపార్థం మొదలవుతుంది.

జన్యువులు అవే ఉండగా చోటు మారితే ఏమవుతుందో తెలియడానికి ఈ ప్రాంతానికి బాగా నప్పే ఆధారం ఒకటి ఉంది. లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు నగరాల్లోని కర్మాగారాలకు పల్లెల నుండి వలసవచ్చి స్థిరపడిన ఉద్యోగులనూ, ఊళ్లోనే ఉండిపోయిన వారి తోబుట్టువులనూ పోల్చి భారత వలస అధ్యయనం అనే పరిశోధనను చేశారు. ఫలితాలు 2010లో వెలువడ్డాయి. పురుషుల్లో మధుమేహం పల్లెలో ఉండిపోయినవారిలో 6.2 శాతం, వలసవచ్చినవారిలో 14.3 శాతం, పుట్టినప్పటి నుండి నగరంలోనే ఉన్నవారిలో 13.5 శాతం. వలసవచ్చినవాడి రక్తం ఊళ్లోని తోబుట్టువు రక్తమే, అతని జబ్బు మాత్రం పక్కింటి నగరవాసి జబ్బుతో సమానమైంది. శిడ్లఘట్ట నుండి బెంగళూరుకు బస్సులో పోయి వచ్చేవారికీ, బాగేపల్లి నుండి అక్కడి గార్మెంట్ ఫ్యాక్టరీలకూ సెక్యూరిటీ పనులకూ పోయి స్థిరపడినవారికీ ఈ అంకెలు దూరపు అంకెలు కావు. పైగా ఇప్పుడు నగరమే పల్లెకు వచ్చింది. మడిలో నడుము వంచే పని తగ్గి, రాగిముద్ద చోట పూటపూటా పాలిష్ బియ్యపు అన్నం, టీ అంగట్లో రోజుకు నాలుగైదు చక్కెర టీలు వచ్చి చేరాక, ఊరు వదలనివారికీ ఆ రక్షణ కరిగిపోతోంది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ జాతీయ సర్వే దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులనూ, 13 కోట్లకు పైగా మధుమేహపు అంచున ఉన్నవారినీ లెక్కకట్టింది. మనుషుల జన్యువులు ఒకటి రెండు తరాల్లో ఇంతగా మారవు కనుక ఈ పెరుగుదలకు వంశాన్ని తప్పుపట్టడం కుదరదు.

అంచున ఉన్నవారిని వెనక్కు తేవచ్చునా అన్న ప్రశ్నకు కూడా దక్షిణాది నుండే జవాబు వచ్చింది. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహపు అంచున ఉన్న 531 మందితో నడిపి 2006లో ప్రచురించిన ప్రయోగంలో, మామూలు సలహాతో వదిలేసినవారిలో మూడేళ్లలో 55 శాతం మందికి మధుమేహం రాగా, నడకా తిండీ మార్చుకునేలా వెన్నంటి చూసినవారిలో అది 39 శాతానికి తగ్గింది. తగ్గింపు పూర్తిది కాదు, అది కూడా నిజాయితీగా గమనించవలసినదే. పథ్యం పాటించినా జబ్బు వచ్చినవారు గణనీయంగా ఉన్నారు. అటువంటివారిని “నోరు కట్టుకోలేదు” అని ఇంట్లోవారే నిందించడం ఈ సీమలో మామూలు. ఆ నింద అన్యాయమైనది, ఎందుకంటే పాళ్లు అధికంగా పడినవారికి ఎంత జాగ్రత్త పడినా కొంత మిగులుతుంది.

తల్లి నుండి వచ్చేదంతా జన్యువు కాదన్న పెబ్రిన్ పాఠానికి మనుషుల్లో సాటివచ్చే ఆధారం మైసూరులో దొరికింది. అక్కడి హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రి 1934 నుండి పుట్టిన శిశువుల బరువులను దాచి ఉంచింది. 1934, 1954 మధ్య అక్కడ పుట్టి, పెద్దవారై ఆ నగరంలోనే ఉన్న ఐదువందల పైచిలుకు మందిని వెతికి పరీక్షించిన పరిశోధకులు, పుట్టినప్పుడు రెండున్నర కిలోలు లేక అంతకు తక్కువ ఉన్నవారిలో గుండెజబ్బు 11 శాతం, మూడు కిలోలు దాటినవారిలో 3 శాతం అని 1996లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. కడుపులో ఉండగా తిండి చాలని బిడ్డ ఒళ్లు ఉన్నంతలో సర్దుకుపోయే తీరును అలవరచుకుంటుందనీ, ఆ సర్దుబాటే తిండి పెరిగిన రోజుల్లో ఎదురుతిరుగుతుందనీ దీనికి చెప్పే వివరణ. మరో వైపు, గర్భంతో ఉన్నప్పుడు తల్లికి షుగరు పెరిగితే ఆ బిడ్డకు పెద్దయ్యాక మధుమేహపు ముప్పు పెరుగుతుంది. చూసేవారికి ఇది తల్లి వంశం నుండి దిగినట్టే కనిపిస్తుంది. నిజానికి అందులో కొంత జన్యువు, కొంత గర్భం. జన్యువును మార్చలేకపోయినా గర్భకాలపు షుగరును మందుతో, తిండితో అదుపులో పెట్టవచ్చు కనుక, ఆ బిడ్డ విషయంలో వంశం అనుకున్నదాంట్లో ఒక భాగం ప్రసూతి పరీక్షల గదిలోనే పరిష్కారమవుతుంది.

గర్భం దాటి ఇంటికి వస్తే, వంశం వేషం వేసుకున్న జబ్బుల్లో ఈ జిల్లాకు బాగా తెలిసినది ఫ్లోరోసిస్. నిండుగా పారే నది ఏదీ లేని ఈ సీమ చెరువుల మీద బతికినంత కాలం బతికి, ఆ తర్వాత బోర్ల మీద పడింది. బోర్లు లోతుకు పోయిన కొద్దీ రాతిపొరల్లోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగింది. బాగేపల్లి, చింతామణి, శిడ్లఘట్ట, గుడిబండ తాలూకాల్లో అనేక బోర్ల నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును దాటి ఉంది. అటువంటి నీళ్లు తాగే ఇంట్లో తాతకు నడుము వంగి మెడ తిరగదు, తండ్రికి మోకాళ్లు పట్టేస్తాయి, మనవడి పళ్లపై గోధుమరంగు చారలు పడతాయి. మూడు తరాలు వరుసగా కనిపించే ఈ జబ్బును చూసి ఆ ఇంటితో సంబంధం కలుపుకోవడానికి వెనుకాడినవారు ఉంటే వారి తర్కం కంటికి కనిపించేదాని మీదే నిలిచింది, కానీ అది తప్పు. భారతదేశంలో ఫ్లోరోసిస్ గురించి మొదటి శాస్త్రీయ వివరణ వచ్చినదీ తెలుగు నేల నుండే. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతపు రోగుల గురించి షార్ట్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ 1937లో రాశారు. కోడలుగా వేరే ఊరి నుండి వచ్చిన మనిషికి కూడా కొన్నేళ్లకు అదే నడుమునొప్పి వస్తే, ఆ ఒక్క వాస్తవమే వంశం మాటను కొట్టివేయడానికి చాలు, ఎందుకంటే ఆమె పంచుకున్నది ఆ ఇంటి రక్తాన్ని కాదు, ఆ ఇంటి బిందెను. జన్యువుల ప్రభావాన్నీ ఇంటి ప్రభావాన్నీ విడదీయడానికి పరిశోధకులు భార్యాభర్తలను పోల్చి చూడడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే.

గూళ్ల నుండి దారం తీసే రీలర్ల ఇళ్లలోని దగ్గు సంగతీ ఇంతే. వేడినీళ్ల తొట్టెలో ఉడికిన గూళ్ల ఆవిరి, పట్టు జిగురులోని సెరిసిన్ అనే ప్రొటీను, ఎండిన ప్యూపాల ధూళి, పొయ్యి పొగ అన్నీ ఊపిరితిత్తులకు తగులుతాయి. పట్టు పనివారిలో ఈ ప్రొటీన్ల వల్ల ఉబ్బసం రావడం వైద్యగ్రంథాల్లో నమోదైన విషయం. అలర్జీకి లోనయ్యే గుణంలో జన్యువుల వంతు కొంత ఉంటుంది గనుక, ఒకే చరఖా వద్ద కూర్చున్న ఇద్దరిలో ఒకరికే ఉబ్బసం రావచ్చు. అయితే అవే జన్యువులున్న చెల్లెలు గూళ్ల పని లేని ఇంటికి పెళ్లై వెళితే ఆమెకు ఆ దగ్గు ఎన్నటికీ రాకపోవచ్చు.

మేనరికం విషయానికి వస్తే అపోహలు రెండు వైపులా బలంగా ఉన్నాయి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎన్. అప్పాజీ రావు, ఆస్ట్రేలియాలో పనిచేసిన ఎ.హెచ్. బిటిల్స్ తదితరులు 1980లలో బెంగళూరు, మైసూరు ఆసుపత్రుల్లో పుట్టిన శిశువుల తల్లిదండ్రుల వివరాలను సేకరించగా, ఆ వివాహాల్లో దాదాపు మూడోవంతు దగ్గరి రక్తసంబంధీకుల మధ్యవని తేలింది. వాటిలో ఎక్కువభాగం మేనమామ, అక్కకూతుళ్ల వివాహాలు. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో నాలుగోవంతు ఉమ్మడిగా ఉంటాయి, మేనత్త కొడుకుకూ మేనమామ కూతురికీ ఎనిమిదోవంతు. ఈ ఉమ్మడితనం దేనికి ముఖ్యమంటే, రెండు ప్రతులూ చెడితేనే బయటపడే అంతర్గత లోపాలకు. ఒక్క ప్రతి చెడినవారు ఆరోగ్యంగానే ఉంటారు, తమలో లోపం ఉందని వారికి తెలియను కూడా తెలియదు. అటువంటివారు ఇద్దరు కలిస్తే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశంతో బిడ్డకు జబ్బు వస్తుంది. ఒకే తాత నుండి ఆ చెడిన ప్రతి ఇద్దరికీ దిగివుండే అవకాశం మేనరికంలో ఎక్కువ. ఏ జంటకైనా తీవ్రమైన పుట్టులోపంతో బిడ్డ పుట్టే అవకాశం నూటికి రెండు మూడు ఉంటే, మేనత్త, మేనమామ పిల్లల జంటల్లో అది సుమారు రెట్టింపు. అంటే మేనరికపు బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు, అయినా పుట్టుచెవుడు, జీవక్రియల లోపాలు వంటివి వారిలో ఎక్కువగా కనిపిస్తాయి. నలభై ఐదేళ్లకు వచ్చిన షుగరునూ బీపీనీ మాత్రం “మేనరికం చేసుకున్నందుకే” అని తల్లిదండ్రులపై వేయడానికి గట్టి ఆధారం లేదు. ఇంట్లో ముందే అటువంటి లోపంతో బిడ్డ పుట్టి ఉంటే, మరో మేనరికం కలుపుకునే ముందు జన్యు సలహాదారును కలవడం వేరే మాట, అది తప్పక చేయవలసిన పని.

దగ్గరి బంధువులను చేసుకోకపోయినా, ఒక కులం శతాబ్దాల తరబడి తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటే అదే ఫలితం పలచగా వస్తుంది. సీసీఎంబీ శాస్త్రవేత్తలు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్ శాస్త్రవేత్త డేవిడ్ రైక్ కలిసి 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఆంధ్ర వైశ్యులు రెండు మూడు వేల ఏళ్లుగా ఇతరులతో దాదాపుగా కలవలేదని వారి జన్యువుల్లో కనిపించింది. ఈ సీమ పేటల్లోనూ ఉన్న ఆ సమాజంలో బీసీహెచ్ఈ అనే జన్యువులో ఒక మార్పు ఇతరుల కంటే తరచుగా ఉంటుంది. రెండు ప్రతుల్లోనూ ఆ మార్పు ఉన్నవారికి రోజువారీ జీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు; అయితే శస్త్రచికిత్స వేళ కండరాలను వదులు చేయడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ అనే మందు, సాధారణంగా నిమిషాల్లో విరిగిపోయేది, వారి రక్తంలో గంటల తరబడి నిలిచిపోయి అంతసేపూ సొంతంగా ఊపిరి తీసుకోనివ్వదు. మత్తువైద్యుడికి ముందే తెలిస్తే వేరే మందు వాడతాడు, ఆపద అంతటితో తప్పుతుంది. ఆపరేషన్ బల్ల ఎక్కే వరకూ ఈ జన్యువు నిండు ఆరోగ్యమే. “జబ్బు జన్యువు” అనే పేరు ఎంత అసంపూర్ణమో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ తెలుగువారిలో దొరకదు. ఇది ఏ కులానికీ కళంకం కాదు. తమలో తామే పెళ్లాడిన ప్రతి సమాజమూ ఇటువంటి గుర్తులను ఏవో కొన్ని మోస్తూనే ఉంది.

ఈ మధ్య ఉమ్మిని గొట్టంలో పంపితే భవిష్యత్తు వ్యాధులన్నీ చెబుతామనే పరీక్షలు నగరాల్లో అమ్ముడవుతున్నాయి. వందల జన్యుస్థానాల ప్రభావాలను కూడి ఒక మార్కు ఇవ్వడం వాటి పద్ధతి. ఆ మార్కులకు ఆధారమైన పరిశోధనల్లో అత్యధిక భాగం ఐరోపా సంతతివారిపై జరిగినందున, దక్షిణాసియావారి విషయంలో వాటి అంచనా బలహీనం. ఆ కొరతను తీర్చడానికి భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం 2020లో మొదలుపెట్టిన జీనోమ్ ఇండియా పథకం దేశంలోని వివిధ సమాజాలకు చెందిన 10,000 మంది జన్యురాశులను చదివి, 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. దాని నుండి వైద్యుడి బల్ల మీదికి పనికివచ్చే పరీక్షలు రావడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు వేలరూపాయల మార్కు కంటే ఖర్చు లేని కుటుంబ చరిత్రే నమ్మదగినది: ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఏ వయసులో వచ్చింది, వారు తల్లి వైపా తండ్రి వైపా. తాతకు డెబ్బై అయిదులో వచ్చిన గుండెపోటూ, మేనమామకు ముప్పై ఎనిమిదిలో వచ్చిన గుండెపోటూ వైద్యుడికి ఒకే సమాచారం కాదు.

ఆ చరిత్రకు ఎంత విలువ ఇవ్వాలో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ఇప్పటికే ఒక కాగితం మీద పెట్టింది. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారి ఇంటికీ ఆశా కార్యకర్త తీసుకువచ్చే సీబాక్ అనే ఫారంలో ఆరు ప్రశ్నలకు మార్కులు ఉంటాయి. వయసు నలభై, నలభై తొమ్మిది మధ్య ఉంటే రెండు. పొగాకు రోజూ వాడితే రెండు. రోజూ మద్యం తాగితే ఒకటి. స్త్రీల నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే ఒకటి, 90 దాటితే రెండు, పురుషులకు ఆ హద్దులు 90, 100. వారానికి 150 నిమిషాల శ్రమ లేకపోతే ఒకటి. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉంటే రెండు. మొత్తం నాలుగు దాటినవారిని ముందుగా పరీక్షకు పిలుస్తారు. తల్లికి షుగరు ఉండి, నడుము 84 సెంటీమీటర్లున్న నలభై అయిదేళ్ల స్త్రీకి ఈ లెక్కలో అయిదు వస్తుంది. వంశంలో ఎవరికీ ఏ జబ్బూ లేకపోయినా, నడుము 92 ఉండి, ఒంటికి శ్రమ లేని అదే వయసు స్త్రీకీ అయిదే వస్తుంది. ఇద్దరినీ ఒకే వారం, ఒకే ఆరోగ్య కేంద్రానికి రమ్మంటారు.